చెప్పే కొలత, కుట్టే కొలత

వీధి వీధంతా అతన్ని జాగ్రత్తరావు అనేది. అది వెక్కిరింపని అతనికి తప్ప అందరికీ తెలుసు. ఎవరి ఫోన్ పోయినా పరామర్శకు ముందుగా వెళ్ళేది అతనే. వెళ్ళి, "బ్యాకప్ తీసుకున్నారా?" అని అడిగేవాడు. లేదని వాళ్ళు తల వేలాడేస్తే అతని మొహం వెలిగిపోయేది.

పగలు ఒక కంపెనీలో కంప్యూటర్లు చూసే ఉద్యోగం, సాయంత్రం అక్క టైలరింగ్ షాపులో పెత్తనం. అక్క గోడకు గుచ్చుకున్న కొలతల చీటీలన్నీ పీకించి, కంప్యూటర్లోకి ఎక్కించి, చెత్తబుట్టలో వేయించేదాకా ఆమె ప్రాణం తోడేశాడు.

అక్క పనిలో ఒక గుట్టు ఉంది. నడుము కొలిచి, వచ్చినావిడకు నచ్చే అంకె పైకి చెప్పేది, అసలు అంకెకు కుట్టేది. అందుకే కంప్యూటర్లో ప్రతి మనిషికీ రెండు గళ్ళు పెట్టించింది. ఒకటి చెప్పే కొలత, రెండోది కుట్టే కొలత.

"ఇది మోసం కాదా అక్కా?"

"మోసమేంట్రా! బట్ట సరిపోతుంది, మనిషి సంతోషంగా వెళ్తుంది. నీకేంటి బాధ?"

ఈ కొలతల డేటాబేసును అతను ఒక కంటైనర్లో పెట్టాడు. సాఫ్ట్‌వేరును, దానికి కావలసిన సరంజామాను కలిపి పెట్టుకునే పెట్టె లాంటిది అది. పాతబడితే తీసేసి కొత్తది పెట్టుకోవచ్చు. రోజూ సాయంత్రం అతను ఆ కంటైనర్ లోపలికి వెళ్ళి, డేటాబేసుకు నకలు తీసి, "బ్యాకప్ పూర్తయింది" అని పచ్చ అక్షరాలు కనిపించగానే, "నేనుండగా నీకేం భయం లేదక్కా" అని కాలర్ సర్దుకునేవాడు. ఆ నకలు మాత్రం కంటైనర్ లోపలే ఉండిపోయేది. మారుతాళం చెవిని ఇంట్లోనే దాచి బయట తాళం వేసుకున్నట్టన్నమాట. ఊళ్ళో అందరి అజాగ్రత్తా కనిపించే ఆ కళ్ళకు ఇదొక్కటీ కనిపించలేదు.

ఒక సాయంత్రం సాఫ్ట్‌వేరు కొత్తది వచ్చిందని, పాత కంటైనర్ తీసేసి కొత్తది పెట్టాడు. తెర మీద కస్టమర్లు సున్నా అని వచ్చింది. నవ్వుతూనే బ్యాకప్ కోసం వెతికాడు. పాత పెట్టెతో పాటే అదీ పోయిందని తెలిశాక నవ్వు ఎటుపోయిందో తెలియదు. అక్క చూపు చీటీలు లేని ఖాళీ గోడ మీదికి పోయింది. అది చూసి అతనికి ఇంకా భయం వేసింది.

సరిగ్గా అప్పుడే లాయరమ్మ కోటు గుడ్డ పట్టుకుని దిగింది. షాపు తెరిచిన కొత్తలో వచ్చిన మొదటి కస్టమరు. కోర్టు నుంచి షాపుకు వచ్చేవాళ్ళలో సగం మంది ఆవిడ పంపినవాళ్ళే.

"కొలతలు ఉన్నాయిగా? ఎప్పటిలాగే ముప్పై నాలుగు."

అసలు అంకె ఎంతో అక్కకు గుర్తులేదు. గుర్తుపెట్టుకోవడం ఎప్పుడో మాన్పించాడు తమ్ముడు.

"ఉన్నాయండీ. అయినా ఒక్కసారి చూద్దాం, సన్నబడ్డట్టున్నారు," అని అక్క టేపు చుట్టింది. అసలు అంకె దగ్గర బొటనవేలు నొక్కిపెట్టి, "ముప్పై నాలుగేనండీ!" అని పైకి అంది. వేలి దగ్గరున్న అంకె గుట్టుగా ఎక్కించుకోమని తమ్ముడికి కళ్ళతో సైగ చేసింది.

అతను పోయిన పరువు ఎలా నిలబెట్టుకోవాలా అన్న ఆలోచనలో ఉన్నాడు. ముందుకు వంగి, కళ్ళజోడు సవరించుకుని, టేపు మీద అంకె గట్టిగా చదివాడు.

"కాదక్కా, నలభై ఒకటి! జాగ్రత్తగా చూడు, మొదట్లోనే తప్పు ఎక్కితే తర్వాత కష్టం."

లాయరమ్మ టేపు విప్పి బల్ల మీద పెట్టింది. గుడ్డ మడిచి సంచిలో పెట్టుకుంది. ఇన్నేళ్ళూ ఎంతమందికి ఎన్ని అబద్ధాలు చెప్పావమ్మా అన్నట్టు అక్క వైపొకసారి చూసి వెళ్ళిపోయింది.

అక్క స్టూలు మీద కూలబడింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"రోజూ తీస్తున్నానన్నావు కదరా?"

"తీశానక్కా, ఒట్టు! పూర్తయిందని రోజూ వచ్చేది."

"ఒక్కరోజైనా తెరిచి చూశావా?"

జాగ్రత్తరావు కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు.

"నేను పైకి ఒకటి చెప్పినా, లోపల కుట్టేది ఒకటుండేదిరా. నీ దగ్గర చెప్పేదే ఉంది, కుట్టేది లేదు."

ఇంతలో గుమ్మం దగ్గర ఇంకెవరో పిలిచారు. అక్క కళ్ళు తుడుచుకుని టేపు అందుకుంది.

"నువ్వు కాసేపు బయట కూర్చో," అంది.