తొలిగంప

ఇప్పుడు కర్నూలు రైతుబజారులో రెండు చేతులా కూరగాయల సంచులు పట్టుకుని నడిచే నన్ను చూసినవాళ్ళు నమ్మరు గాని, మర్యాదంటే చేతులు ఖాళీగా ఉంచుకోవడమేనని నేను గట్టిగా నమ్మిన కాలం ఒకటుండేది. మా ఇంటి మగవాళ్ళు వీధిలో ఏదీ మోయరు. సంచి గాని, చెంబు గాని, చివరికి గొడుగు గాని పక్కన నడిచే ఇంకొకరి చేతిలో ఉండాలి. మా తాత కాలంలో ఆ ఇంకొకళ్ళు ఇంటినిండా ఉండేవారట. నా కాలానికి ఒక్కరూ మిగల్లేదు, నియమం మాత్రం మిగిలింది. అందువల్ల నేను డిగ్రీ చదివినన్నాళ్ళూ కాలేజీకి పుస్తకాలు లేకుండానే వెళ్ళాను. (మార్కులూ దానికి తగ్గట్టే వచ్చాయి.) నిటారుగా నడవడం మా వంశంలోనే ఉందని, ఆ వెన్ను చూసే జనం మమ్మల్ని గుర్తుపడతారని కూడా నమ్మేవాణ్ణి.

డిగ్రీ అయిపోయి, ఉద్యోగం రాక, కొత్తగా వచ్చిన సెల్‌ఫోనుకు సిగ్నలు దొరుకుతుందేమోనని మిద్దె మీద తిరుగుతున్న వేసవి అది. బనగానపల్లెకూ బేతంచెర్లకూ నడుమ మా ఊరు. పొలాలూ తోటలూ ఎప్పుడో పోయాయి. పెరట్లో ఒక మామిడిచెట్టు, దాంతోపాటు ఒక హక్కు మాత్రం మిగిలాయి. ఏటా కొండ మీది స్వామికి తొలిగంప మామిడిపండ్లు మా ఇంటి నుంచే పోవాలి. మా గంప స్వామి ముందు పెట్టాకే మిగతా తోటలవాళ్ళ గంపలు. ఆ తోటలన్నీ అప్పటికి శెట్టిగారివి. ఆ ఏడు ఊరి పెద్దలు కూర్చుని, మధ్యాహ్నం పూజవేళకు మా గంప రాకపోతే శెట్టిగారి గంపే ముందు పెడతామని, ఒకసారి మారితే ఇక మారినట్టేనని తేల్చి చెప్పారు. నాన్న ఆ మాట విన్న రోజు అన్నం సగంలోనే లేచాడు.

సరిగ్గా ముందురోజు ఆయన మోకాలు గుమ్మడికాయంత వాచింది. నన్ను పిలిచి, "రేపు నువ్వు పో" అన్నాడు.

"గంప ఎవరు మోస్తారు నాయనా?" అన్నాను. నిజానికి అది అడగాల్సిన ప్రశ్న కాదు. మా పాత జీతగాడు చిన్నన్న మోస్తాడని ఇంటిల్లిపాదికీ తెలుసు. నాన్న ఏటా తెల్లవారకముందే గంపను మోపెడ్ వెనక కట్టుకుని కొండ కిందికి పోతాడు, అక్కడ చిన్నన్న దాన్ని నెత్తికెత్తుకుంటాడు, నాన్న చేతులూపుకుంటూ వెనక నడుస్తాడు. మాకు తెలిసిన సంగతి ఇదీ.

"చిన్నన్న ఆడ ఉంటాడు" అన్నాడు నాన్న గోడవైపు చూస్తూ. "ఉంటే ఉంటాడు."

"లేకుంటే?"

"లేకుంటే నువ్వే చూస్కో. గంప నెత్తిమింద పెట్టినాక మళ్ళా నేల తగలగూడదు. ముందర మెట్లమింద పోవద్దు, ఎనక దావన పో. ఆడ ఎండ తగల్దు."

మర్నాడు మోపెడ్ వెనక గంప కట్టుకుని బయలుదేరేటప్పుడు అమ్మ నీళ్ళ సీసా ఇవ్వబోయింది. నేను దాన్ని చూసిన చూపుకు ఆమె సీసా వెనక్కి తీసుకుని, "ఈ ఇంట్లో మగోళ్ళందరూ ఒకటే" అని లోపలికి పోయింది.

కొండ కింద చిన్నన్న లేడు. రాతి మీద కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చుని ఎదురుచూశాను. అంతకుముందు నేనా కొండ ఎక్కింది ఒక్కసారే, అదీ పసివాడిగా చిన్నన్న భుజాల మీద. పొద్దెక్కుతోంది. ముందు మెట్ల వైపు నుంచి శెట్టిగారి మేళం వినిపించసాగింది. నాలుగు వైపులా చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని, గంజి పెట్టిన తెల్ల చొక్కా, అంచుపంచెతో సహా వంగి, మా వంశంలో ఎవరూ చేయని పని (అని నేననుకున్న పని) చేశాను. గంప నెత్తినెత్తుకున్నాను.

వెనక దావన ఎండ తగలదని నాన్న ఎందుకన్నాడో నాకు చాలాసేపు అర్థం కాలేదు. అక్కడ ఎండ తప్ప ఇంకేమీ తగలదు. చెట్టన్నది లేని బోడికొండ, కాళ్ళ కింద జారిపోయే రాతిపొడి, పైగా కొత్త తోలు చెప్పులు. అంతకంటే ఘోరం, ఒక మలుపు తిరిగేసరికి కింద నాపరాతి గనులు కనిపించాయి. ఊరి కంట పడకూడదని నేను వెనక వైపు వస్తే, ఊళ్ళోని మగాళ్ళలో సగం మంది అక్కడే బండలు కొడుతున్నారు. బోడికొండ మీద తెల్లచొక్కా, దాని పైన పసుపుపచ్చ పండ్ల గంప. గోడ మీద సినిమా పోస్టరు కూడా అంత బాగా కనపడదు.

సమ్మెట చప్పుళ్ళు ఆగిపోయాయి. చూస్తున్నారని తెలిసి వెన్ను ఇంకా నిటారుగా చేశాను. అప్పుడు ఒక విచిత్రం జరిగింది. వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు నాకు వీపు తిప్పి కూర్చున్నారు. ఒకడు బీడీ ముట్టించాడు, ఇంకొకడు దూరంగా రైలుపట్టాల వైపు చూడసాగాడు. నాకు ఒళ్ళు మండింది. మా తాత ముందు వీపు చూపించే ధైర్యం ఉండేదా వీళ్ళకు? ఆ కోపంలో తల విదిలించాను. ఒక పండు ఎగిరిపడి, గనుల వైపు దొర్లుతూ పోయింది. అది మాది కానట్టే ముందుకు నడిచాను.

సగం దూరంలో ఇంకో వింత. దారి పక్కన రెండు రాళ్ళు నిలబెట్టి, వాటి మీద నా ఛాతీ ఎత్తున ఒక నున్నటి నాపబండ పరిచి ఉంది. దాని నీడలో తడిగుడ్డ చుట్టిన నీళ్ళకుండ. నాలుక పిడచగట్టుకుపోతోంది. కాని రెండు చేతులూ గంప మీద ఉన్నాయి, గంప నేల తగలకూడదు. మనిషి కూర్చోలేనంత ఎత్తున అరుగు కట్టినవాడి తెలివిని తిట్టుకుంటూ, కుండ వైపు చూడకుండా దాటిపోయాను.

పైకి చేరేసరికి కళ్ళ ముందు మిణుగురులు తిరుగుతున్నాయి. శెట్టిగారు తన గంప పక్కన విసనకర్రతో కూర్చుని ఉన్నారు. నా నెత్తి మీది గంపను చూడగానే ఆయన హడావుడిగా లేచి, అటు తిరిగి గుడి గంటను పరీక్షించడం మొదలుపెట్టారు. పూజారి గంప అందుకుని స్వామి ముందు పెట్టాడు.

"పూజవేళ దాటిపోతాండాదని నేను తొందరపడినా. శెట్టిగారే ఇంగ రవ్వంతసేపు చూద్దామన్న్యాడు" అని, "ఎనక దావనే వచ్చినావా? అంతా మీ నాయన మాదిరే" అన్నాడు.

"మోసేది మా నాయన కాదు స్వామీ, చిన్నన్న" అన్నాను.

"ఏ చిన్నన్నప్పా? ఆయప్ప బెంగుళూరులో కొడుకు కాడికి పొయ్యి శానా ఏండ్లాయె గదా." ఇంకో చెంబు నీళ్ళు నా దోసిట్లో పోస్తూ, "దావలో బండమింద గంప దించుకోని నీళ్ళు తాగల్యా? గనోళ్ళు మీ నాయన కోసమే పెట్టినారు దాన్ని. గంప నేల తగలగూడదు, మనిషి అలిసిపోతాండాడని. ఆయన ఎక్కేటప్పుడు ఎవురూ తలెత్తి సూడరు. పెద్దమనిషి, నగుబాటయితాడని అటు తిరుక్కోని కూసుంటారు" అన్నాడు.

గంట దగ్గర శెట్టిగారు ఇంకా అటే తిరిగి ఉన్నారు.

దిగేటప్పుడు ఆ బండ దగ్గర ఆగాను. దొర్లిపోయిన పండు తుడిచి దాని మీద పెట్టి ఉంది. బండ నడుమ గంప అడుగంత మేర అరిగి మెరుస్తోంది. అక్కడ చేయి పెట్టి కాసేపు నిలబడి, కుండలోని నీళ్ళు తాగాను. గనుల పక్కగా పోతుంటే అందరూ ఇటు తిరిగారు.

"ఏం చిన్నదొరా, బాగుండావా? ఎప్పుడొచ్చినావు?" అన్నాడు బీడీ ముట్టించినవాడు, ఆ రోజు నన్ను అప్పుడే చూసినట్టు.

"ఇప్పుడే" అన్నాను.

ఇంట్లో నాన్న మంచం మీద వాకిలి వైపే చూస్తున్నాడు.

"మన గంపే ముందు పెట్టినారు నాయనా" అన్నాను.

ఆయన కళ్ళు మూసుకుని తెరిచాడు. "చిన్నన్న వచ్చినాడా?" అన్నాడు.

"వచ్చినాడు."

"బాగా మోసినాడా?"

"మోసినాడు. మెడ పట్టేసిందంట."

"మొదటి ఏడు పట్టేస్తాది" అన్నాడు నాన్న, మళ్ళీ గోడవైపు చూస్తూ. "మళ్ళేడికి అలవాటయితాది."

అమ్మ అప్పటికే ఆముదం వేడిచేసి తెచ్చింది. ఎవరికని అడగకుండా నా వెనక కూర్చుని మెడకు పట్టించసాగింది. ఏటా ఆ రోజు మా ఇంట్లో ఆముదం వాసన వచ్చేది. నాన్న మోకాళ్ళకనుకునేవాణ్ణి.

ఆ తర్వాత నేను ఉద్యోగానికి కర్నూలు వచ్చాను గాని, వేసవిలో ఒక్కరోజు సెలవు పెట్టి చిన్నన్న ఉద్యోగం కూడా చేసి వస్తుంటాను. (బండ దగ్గర ఆగుతాను. నీళ్ళు తాగుతాను.) రైతుబజారులో సంచులతో పోతుంటే, ఈ వయసులోనూ వెన్ను ఎంత నిటారుగా ఉందో అని తెలిసినవాళ్ళు అంటుంటారు. అది వంశంలోనే ఉందని ఒకప్పుడు ఎంత గట్టిగా చెప్పేవాణ్ణో తలుచుకుంటే నవ్వొస్తుంది. నెత్తిన గంప ఉంటే ఎవరైనా నిటారుగానే నడవాలి. లేకపోతే పండ్లు దొర్లిపోతాయి.