సందలి మీద ల్యాప్‌టాప్

ఏ ల్యాప్‌టాప్ వచ్చినా సంగిన్ ముందు దాన్ని తిరగేసి దులుపుతాడు. రొట్టె తునకలు రాలతాయి, పొద్దుతిరుగుడు గింజల పొట్టు రాలుతుంది. పొట్టును ఊదేస్తాడు. రొట్టె తునకలను మాత్రం ఏరి, కళ్ళకద్దుకుని, కిటికీ గూట్లో పిచ్చుకలకు పెడతాడు. ఆ తర్వాత యంత్రం తెచ్చిన మనిషిని తిడతాడు. ఇస్తరవ్‌షాన్ బజారులో రొట్టెకున్న మర్యాద మనిషికి లేదని అతని దుకాణం ముందు కాసేపు నిలబడితే తెలుస్తుంది.

అతను పని తెలిసినవాడే, ఉస్తో అనదగ్గ మేస్త్రీయే. ఈ మాట ముందుగా అనే అవకాశం అతను ఇంకెవరికీ ఇవ్వలేదు. విడి మౌసు, విడి కీబోర్డు తగిలిస్తాడు. వాటితో యంత్రం బుద్ధిగా నడిస్తే జబ్బు దాని సొంత మీటలది, లేదా టచ్‌ప్యాడ్‌ది. వాటితోనూ నడవకపోతే జబ్బు లోపలిది. అక్కడితో అతని వైద్యం ఆగిపోతుంది. అడుగు మరలు విప్పడు.

"కడుపు కోసి చూసేవాడు కసాయి. నాడి పట్టి చెప్పేవాడు హకీం," అంటాడు. ఎదుటి చాయ్‌ఖానా నడిపే ఖోల్‌మత్ ఈ మాట ఎన్నిసార్లు విన్నాడో, సంగిన్ సగం అనగానే మిగతా సగం తనే పూర్తి చేస్తాడు.

ఆ శీతాకాలం సబోహత్ అనే బడి పంతులమ్మ వచ్చింది. ఆమెకు ఇంట్లోనే కూర్చుని రాసే కంప్యూటర్ పరీక్ష ఉంది. గట్టెక్కితే ఊళ్ళో ఉద్యోగం, తప్పితే కొండ మీది పల్లెకు బదిలీ. జిల్లావాళ్ళు ఆమె ల్యాప్‌టాప్‌నే నమోదు చేశారు, ఇంకొకదాని మీద రాయనివ్వరు. ఇంట్లో అభ్యాసానికి కూర్చుంటే తెర మీది బాణం తనంతట తానే కదిలి తప్పు జవాబుల మీద నొక్కుతోంది.

సంగిన్ టచ్‌ప్యాడ్ మీద వేలితో గీశాడు. బాణం పొమ్మన్న చోటికి పోయింది, ఆగమన్న చోట ఆగింది.

"దీనికేం రోగం లేదు, అపా. జిడ్డు మీ వేలికి. పులావు తిన్న చేత్తో చదువు రాదు."

"మా ఇంట్లో పులావు వండి చాలా రోజులైంది, ఉస్తో. ఆ జిడ్డు మీ మాటల్లోది."

టచ్‌ప్యాడ్ ఆపేసి, ఒక మౌసు చేతికిచ్చి పంపాడు. వారం తిరక్కుండా ఆమె మళ్ళీ వచ్చింది. ఇప్పుడు రోగం మీటలకు పట్టింది. ముట్టుకోకుండానే తెర నిండా ఒకే అక్షరం పడుతోంది. దుకాణంలో పెట్టి చూస్తే ఒక్క అక్షరమూ పడలేదు. అయినా ఉత్త చేతులతో పంపితే హకీంకు నామోషీ. కీబోర్డు మార్చాడు. ఆ రకం కీబోర్డు పైనుంచే ఊడి వస్తుంది. అడుగు అలాగే ఉండిపోయింది.

పరీక్ష ముందురోజు ఆమె మూడోసారి వచ్చేసరికి చాయ్‌ఖానాలో వాళ్ళందరూ కుర్చీలు ఇటు తిప్పుకున్నారు.

"మీ దగ్గర నవ్వుతుంది, ఇంటికి పోగానే ఏడుస్తుంది," అన్నాడు ఖోల్‌మత్. "యంత్రమా కొత్తకోడలా, ఉస్తో? ముల్లాను పిలిచి మంత్రం ఊదించండి."

సబోహత్ నవ్వలేదు. "దుకాణంలో నయంగా ఉండే రోగం నాకెందుకు? పరీక్ష రేపు. మా ఇంటికి వచ్చి చూడండి. హకీంలు రోగి ఇంటికి వెళ్ళేవాళ్ళట."

అంతమంది ముందు ఇక తప్పించుకోలేకపోయాడు. వెళ్ళాడు.

ఆమె అత్తగారు అతన్ని వాకిలికి దూరంగా, పెద్దవాళ్ళు కూర్చునే చోట కూర్చోబెట్టింది. మధ్యలో సందలి. గుంటలో నిప్పులు, పైన పొట్టి బల్ల, బల్ల మీద నేలదాకా పరిచిన రజాయి. కాళ్ళు రజాయి కిందికి చాపాడు. ముసలామె రొట్టె తుంచి ముందు పెట్టింది. ల్యాప్‌టాప్‌ను కూడా మర్యాదగా బల్ల మీదే పెట్టింది.

పియాలాలో టీ సగమైంది. తెర మీద ఒక అక్షరం పడింది. దాని పక్కన ఇంకోటి. తర్వాత వరసగా పడుతూ పోయాయి.

సంగిన్ టచ్‌ప్యాడ్ మీద అరచెయ్యి ఆనించాడు. వెచ్చగా ఉంది. ఒక అంచు తందూరులో రొట్టెలా పైకి లేచి ఉంది.

"ఇది రాత్రుళ్ళు ఎక్కడ ఉంటుంది, బీబీ?"

"ఇక్కడే, రజాయి కింద. ఇనుము కదా బిడ్డా, చలికి బిగుసుకుపోదూ? కోడలి బతుకుతెరువు. దాన్ని చన్నీళ్ళలాంటి నేల మీద పడేస్తామా?"

సంగిన్ దగ్గర తిట్లకు కొరత లేదు. కానీ నోట్లో ఆవిడ రొట్టె ఉంది. మింగి, అడుగు మరలు విప్పాడు. బ్యాటరీ దిండులా ఉబ్బి, కిందినుంచి టచ్‌ప్యాడ్‌నూ మీటలనూ నెడుతోంది. బజారుదాకా మంచులో మోసుకొస్తే ఆ ఉబ్బు కొంచెం తగ్గేది. అంతవరకే అతని వైద్యం పనిచేసింది. రాత్రంతా నిప్పుల మీద కాగినా ఆ బ్యాటరీ అంటుకోకపోవడం దేవుడి దయ. హకీం దయ అందులో ఏమీ లేదు.

బ్యాటరీ తీసి, చేతులు దూరంగా చాపి మోసుకెళ్ళి పెరట్లో మంచు మీద పెట్టాడు.

"కసాయివాడైతే మొదటిరోజే చూసేవాడు కదా?" అంది సబోహత్.

"చూసేవాడు," అన్నాడు సంగిన్.

తీగ తగిలించి చూశాడు. యంత్రం నడిచింది, ఒక్క దొంగ అక్షరమూ పడలేదు. కానీ కొత్త బ్యాటరీ ఊళ్ళో దొరకదు. చలికాలం పొద్దున పూట కరెంటు చెప్పకుండా పోతుంది. పరీక్ష మధ్యలో పోతే తెర నల్లబడుతుంది, పరీక్ష అక్కడితో సరి.

"కరెంటు నా చేతిలో..." అని మొదలుపెట్టి, సబోహత్ ముఖం చూసి ఆపేశాడు.

మర్నాడు పొద్దున్నే సంగిన్ తన కారు బానెట్ ఎత్తి బ్యాటరీ ఊడదీశాడు. కారు కరెంటును ఇంటి కరెంటుగా మార్చే పెట్టెతో సహా తోపుడుబండి మీదికెక్కించి, గడ్డకట్టిన వీధిలో నెట్టుకుంటూ పోయాడు. దారి చాయ్‌ఖానా ముందు నుంచే.

"ఏమిటి ఉస్తో, కారు కడుపు కూడా కోశారా?" అన్నాడు ఖోల్‌మత్.

"కోశాను. పక్కకు జరుగు, చక్రం మంచులో దిగబడుతుంది."

సబోహత్ ఇంటి వసారాలో బ్యాటరీ దింపి, కిటికీ సందులోంచి తీగ లోపలికి పంపాడు. పరీక్ష సగంలో ఉండగా వీధి మొత్తం కరెంటు పోయింది. లోపల మీటల చప్పుడు ఆగలేదు. సంగిన్ ఒక చేత్తో తీగ కొసను బ్యాటరీకి అదిమి పట్టుకుని, రెండో చెయ్యి చంకలో దోపుకుని, ఆ చప్పుడు అయిపోయేదాకా చలిలో కూర్చున్నాడు.