ఉదయగిరి కొండమీది అడవినాభి

జమాల్‌బీ పుట్టింది ఉదయగిరి కొండ కింద. కావలిలో మిషను కుట్టే ఖాదర్ బాషాను పెళ్లాడి వచ్చాక ఆమెకు ఆ ఊరి ఉప్పుగాలి అలవాటైంది, చేపల పులుసూ అలవాటైంది. వానాకాలంలో కొండమీద పూసే అడవినాభి కనబడకపోవడం మాత్రం అలవాటు కాలేదు.

1961లో పుట్టింటికి వెళ్లి, వస్తూ వస్తూ దాని గడ్డలు తవ్వి తెచ్చింది. ఖాదర్ బాషా వాటిని బావి గట్టున పాతి, భార్యమీది ప్రేమకొద్దీ బిందెలకు బిందెలు నీళ్లు పోశాడు.

"అన్ని నీళ్లు దానికి పనికిరావయ్యా!" అని ఆమె మొత్తుకుంది.

"నీళ్లు పనికిరాని చెట్టు యాడుందే?" అన్నాడతను.

గడ్డలు కుళ్లిపోయాయి.

మరుసటి ఏడు మళ్లీ తెచ్చి, వానలు పడి నాటేదాకా వంటింటి మూలన దాచింది. "అది విషం. ఎవరూ ముట్టుకోబాకండి" అని అందరికీ చెప్పింది. ఆ ఇంట్లో వంట ఖాదర్ బాషా అక్క ముంతాజ్ బేగానిది. ఆమె ఎవరి మాటా పూర్తిగా వినే మనిషి కాదు. ఒక మధ్యాహ్నం జమాల్‌బీ బట్టలుతికి వచ్చేసరికి పొయ్యిమీద పులుసు ఉడుకుతోంది, పక్కన అడవినాభి తొక్కలు.

జమాల్‌బీ దబరా ఎత్తుకెళ్లి పెరటి గుంటలో కుమ్మరించి మట్టి కప్పింది.

"ఏందే, కూర పారబోస్తివి?"

"చావాలనుందా వదినా? విషమని చెప్పినా గదా!"

"చూసేదానికి గెనుసుగడ్డ మాదిరే ఉండె!"

సంగతి విన్న ఖాదర్ బాషా మండిపడ్డాడు. "ఇంక ఈ పీడ ఇంట్లోకి రాకూడదు."

"రాదులే. నేనే దాని దగ్గరికి పోతా. వదిన్ని కూడా తీసకపోతా. చూస్తేగాని ఆమెకు బుద్ధి రాదు."

వానలు పడ్డాక ఇద్దరూ బస్సెక్కారు. కొండ ఎక్కుతున్నంతసేపూ ముంతాజ్ బేగం మోకాళ్లనూ ముళ్లనూ మరదలినీ తిడుతూనే ఉంది. సగం దూరం పోయాక, రాళ్ల సందులో మొలిచి బలుసు పొదమీదికి పాకిన తీగ కనబడింది. ఆకుల కొసలే మీసాల్లా మెలితిరిగి ముళ్లకొమ్మలను పట్టుకున్నాయి. వెనక్కి విరుచుకున్న పూరేకులు అడుగున పసుపు, పైన నిప్పు ఎరుపు.

"దీనికి ఈ వాలు కావాల. పడిన వాన పడినట్టే జారిపోవాల. ఎండాకాలమంతా గడ్డ నేలలో పడి నిద్రపోవాల. బావి గట్టున ఇవన్నీ యాణ్ణించి తెస్తాడు నీ తమ్ముడు?" అంది జమాల్‌బీ.

ముంతాజ్ బేగం బండమీద చతికిలబడి చూస్తూ ఉండిపోయింది.

"లే వదినా, బస్సు పోతుంది!"

"పోతే పోనీ."

నిజంగానే బస్సు పోయింది. ఆ పూట జమాల్‌బీ పుట్టింట్లో ఉండి, మర్నాడు కావలి చేరారు. ఖాదర్ బాషా బస్టాండులోనే అందుకున్నాడు.

"యాడికి పోయినారు ఇద్దరూ? నిన్నట్నించీ నాకు తిండి లేదు!"

"వచ్చే ఏడు నువ్వూ రారా" అంది ముంతాజ్ బేగం. "సణక్కుండా కొండెక్కు."

అతను ఏనాడూ రాలేదు. ఆ ఆడవాళ్లిద్దరూ ఏ వానాకాలమూ మానలేదు.