మీ నాయన దిగిన షాఫ్టు

నా ఇంగ్లీషును ఎవరైనా మెచ్చుకున్న ప్రతిసారీ నాలో ఎక్కడో నేల అదురుతుంది. ఎందుకో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నా భర్తకూ చెప్పలేదు. మీరు నన్ను ఎరుగరు గనుక మీకు చెప్పగలుగుతున్నాను.

గనులు సర్కారు చేతికి వచ్చిన తరువాతి రోజులు. కోలారు బంగారు గనుల కార్మికుల వరుస ఇళ్ళ లైన్లలో మా ఇంటికీ రత్న ఇంటికీ నడుమ ఒక తడిక మాత్రమే ఉండేది. పదో తరగతి ముగించిన మేమిద్దరం పదవీ విరమణ చేసిన ఒక టీచరమ్మ వరండాలో ఇంగ్లీషు వ్యాకరణాన్ని మొదటినుండి నేర్చుకునేవాళ్ళం. నేను నియమాలన్నీ కంఠస్థం చేసేదాన్ని. నోరు మాత్రం తెరిచేదాన్ని కాను. రత్న కోడితోనూ కుళాయితోనూ కూడా ఇంగ్లీషులోనే మాట్లాడేది. ఆమె తప్పు చెప్పినా టీచరమ్మ హాయిగా నవ్వి సరిదిద్దేది. నేను ఒప్పు చెబితే తల ఊపేది, అంతే.

సాయంత్రాలు తడిక అవతల వాళ్ళ నాన్న గొంతు వినబడేది. "ఏం దొరసానీ, సంగటి పెడతావా, లేకుంటే అదీ ఇంగ్లీషులోనే అడగాల్నా?" ఇద్దరూ నవ్వుకునేవారు. మా నాన్న నన్ను ఎన్నడూ ఏమీ అడగలేదు. నేను అసూయపడింది ఆమె ఇంగ్లీషుకా, ఆ నవ్వుకా? నేటికీ తేల్చుకోలేకున్నాను.

బెంగళూరులో ఒక కాలేజీ సీటు, హాస్టలుతో సహా, మా ఇద్దరిలో ఒకరికే దక్కుతుంది. హాస్టలు నడిపే పెద్దమ్మ టీచరమ్మ ఇంటికి వచ్చి మాతో ఇంగ్లీషులో మాట్లాడి, ఒకరిని ఎంచుకుని, మధ్యాహ్నం బండికి తిరిగి వెళ్ళిపోతుంది. ఎవరిని ఎంచుకుంటుందో నాకు ముందే తెలుసు.

ఆమె రావలసిన ఉదయం నేల అదిరింది. గని లోపల రాయి పగిలితే పైన మా ఇళ్ళలో గిన్నెలు కదిలేవి. అప్పుడు తమ మనిషి గనిలోకి దిగిన నిలువు సొరంగం, ఆ షాఫ్టు వద్దకు ఇంటివాళ్ళు పరుగెత్తడం, అతడు పైకి వచ్చేదాకా అక్కడే నిలబడడం మా వాడుక. పగిలింది దూరపు షాఫ్టులోనని, ఎవరికీ ఏమీ కాలేదని కుళాయి దగ్గర విన్నాను. రత్న నాన్న దిగింది అందులో కాదు. అదీ తెలుసు.

రత్న టీచరమ్మ గేటు దగ్గర నా కోసమే ఆగి ఉంది.

"యాడంట మే?"

"మీ నాయన దిగిన షాఫ్టంట."

"ఎవురు చెప్పిరి?"

"అందరూ చెప్తుండారు. పో."

"టీచరమ్మకి చెప్పు మే, నాయన్ని చూసి వచ్చేస్తానని."

పరుగులో ఆమె చెప్పు ఒకటి ఊడిపోయింది. దాన్ని తీసి గేటు పక్కన పెట్టాను. అంతటి ద్రోహం చేస్తూ ఆ జాగ్రత్త ఎందుకు?

రత్న ఏదని టీచరమ్మ అడిగింది. రత్న రాదు, ఆమెకు ఇష్టం లేదు అన్నాను. భయం లేకుండా, తడబడకుండా నేను పలికిన మొదటి ఇంగ్లీషు అదే. పెద్దమ్మ సంతోషించి నన్నే ఎంచుకుంది.

షిఫ్టు ముగిసి నాన్న పైకి వచ్చేదాకా రత్న అక్కడే నిలబడింది. సాయంత్రం మా ఇంటికి వచ్చింది. నిలదీస్తుందనుకున్నాను. కూడగట్టుకున్న అబద్ధాలన్నీ గొంతులోనే ఉన్నాయి.

"నువ్వు చెప్తివి కాబట్టి పోతిని మే. ఇంగొకరైతే పరీక్ష పోతాదని దాచిపెట్టి ఉందురు. మా నాయన పైకొచ్చి నన్ను చూసి కండ్లనీళ్ళు పెట్టుకున్నాడు. సీటుదేముంది."

రత్న మళ్ళీ ఆ వరండా ఎక్కలేదు. ఇష్టం లేదన్న పిల్లను టీచరమ్మ పిలవనూ లేదు. నేను మా వంశంలో మొదటి పట్టభద్రురాలినయ్యాను. ముళబాగిలులో కాపురముంటున్న రత్న, నేను కనబడితే ఇప్పటికీ పక్కవాళ్ళకు చూపిస్తుంది: ఆ దినం నాకు చెప్పింది ఈమే అని.

గనులు మూతపడ్డాయి. అక్కడ నేల ఇప్పుడు అదరదు. మీకు చెప్పడం ఆమెకు చెప్పడం కాదని ఎరుగుదును. క్షమించమని అడగడానికి నాకు నోరు లేదు. అయినా ఇన్నేళ్ళకు మొదటిసారి ఆ మాటను సరిగా చెబుతున్నాను, కొంత ఊపిరి ఆడుతోంది.

అది మీ నాయన దిగిన షాఫ్టు కాదు, రత్నా. నాకు అప్పుడే తెలుసు.