ఎడమ చెవిలో కూనిరాగం

నేను ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తాను. కంటికి కనబడని దాన్ని కూడా మైక్రోస్కోపు కింద పెట్టి చూశాకే నమ్మే ఉద్యోగం. ఆత్మలు, దయ్యాలు అనేవాళ్లతో వాదించే ఓపిక కూడా నాకు ఎప్పుడూ లేదు. ఇప్పటికీ నమ్మను. అయినా మా ఇంట్లో, పట్టపగలు, డైనింగ్ టేబుల్ దగ్గర జరిగిన ఈ సంగతిని ఏ లెక్కలో వేసుకోవాలో తెలియక రాస్తున్నాను.

మా ఆయన పేరు రఘు. వరంగల్ మనిషి. కెనడాలో, టొరంటో పక్క స్కార్‌బరోలో మాది పాత అపార్ట్‌మెంటు. ఆయనకున్న ఒకే ఒక్క పిచ్చి వినడం. గాయకులు స్టేజి మీద చెవుల్లో పెట్టుకునే ఇన్-ఇయర్ మానిటర్లని ఉంటాయి. వాటిలో బాగా ఖరీదైన జత ఒకటి, ఏళ్ల తరబడి ఆలోచించి ఆలోచించి కొనుక్కున్నాడు.

డ్యూటీ నుంచి రాగానే కిటికీ పక్కన కూర్చుని ఒక వీణ రికార్డింగు పెట్టుకునేవాడు. నన్ను పిలిచి ఒకటి నా చెవిలో పెట్టేవాడు.

"ఇగో, ఇప్పుడు విను. వేలు తీగ మీద జారింది. వినపడ్డదా?"

వినపడిందనేదాన్ని. ఆయన నమ్మేవాడు కాదు, నవ్వేవాడు.

వింటూ కూనిరాగం తీసేవాడు. శ్రుతి అనేది ఆయన దరిదాపుల్లోకి వచ్చేది కాదు. వీణ పల్లవి ఎత్తుకోకముందే తొందరపడి అందుకునేవాడు. తప్పు తెలిసి "ప్చ్" అని ఆగేవాడు. మళ్లీ కలిసేవాడు. చెవులు రెండూ మూసుకుపోయి ఉంటాయి కదా, ఎంత గట్టిగా పాడుతున్నాడో తనకు తెలిసేది కాదు. మా అమ్మాయి నిధి తన గదిలోంచి "డాడీ, టూ ఎర్లీ!" అని అరిచేది.

ఆయనకు ఊపిరితిత్తుల జబ్బు వచ్చింది. చివరి రోజుల్లో గొంతులో గొట్టం వేశారు. మాట పోయింది. ఏదైనా చెప్పాలంటే నా అరచేతిలో వేలితో రాసేవాడు. సగం అక్షరాలు నాకు అర్థమయ్యేవి కావు. అర్థమైనట్టు తలూపేదాన్ని. ఆకులు రాలే రోజుల్లో వెళ్లిపోయాడు.

తర్వాత ఆయన గొంతు కోసం వెతికాను. ఫోన్లు, కంప్యూటరు అన్నీ గాలించాను. వీడియోలన్నీ తనే తీసేవాడు. అన్నిట్లోనూ మా నవ్వులే, మా మాటలే. ఆయన కెమెరా వెనక మౌనంగా ఉన్నాడు. ఒక్క మాట దొరకలేదు.

కిటికీ పక్కనున్న ఆ మానిటర్ల డబ్బా కంటపడితే నిధి అన్నం వదిలేసి లేచిపోయేది. అందుకే అమ్ముదామని ఆన్‌లైన్‌లో ప్రకటన పెట్టాను.

ఫోన్ చేసినవాళ్లలో వెంకటాచలం గారు ఒకరు. రిటైరైన ప్రొఫెసరు, కాకినాడ వైపు వారు. మాకు ముఖపరిచయం కూడా లేదు. ఆదివారం మధ్యాహ్నం మంచులో రెండు బస్సులు మారి వచ్చారు. బూట్లు విప్పి, టీ తాగి, "ఒకసారి విని చూస్తానమ్మా" అన్నారు. రఘు పాటలు వినే ప్లేయరే ఇచ్చాను. అందులో ఆ వీణే ఉంది.

మొదట కళ్లు మూసుకుని మెచ్చుకున్నారు. "మీటు ఎంత విడిగా తెలుస్తోందో! ఎదురుగా చాప మీద కూర్చుని వాయిస్తున్నట్టుంది." కాసేపటికి భృకుటి ముడిపడింది. ఎడమవైపు తిరిగి భుజం వెనక్కి చూశారు. అక్కడ ఎవరూ లేరు. కిటికీ, దాని కింద హీటరు, అంతే.

"ఇందులో ఎవరో పాడుతున్నారేంటమ్మా?"

ఎవరూ పాడరు అంకుల్, ఒట్టి వీణే అన్నాను.

"కాదమ్మా, మగ గొంతు. ఇదిగో, నా ఎడం భుజం వెనకాల. మరీ ముందే అందేసుకుంటున్నాడు. తర్వాత ప్చ్ అని ఆగి, మళ్లీ కలుస్తున్నాడు."

నిధి గది తలుపు తెరుచుకుంది. నిధి మమ్మల్ని చూస్తూ నిలబడి, "హూ టోల్డ్ హిమ్?" అంది.

ఎవరూ చెప్పలేదు. ప్రకటనలో రఘు పేరు కూడా లేదు.

అంకుల్ చెవుల్లోంచి దాదాపు లాక్కుని నేను పెట్టుకున్నాను. వీణ. మళ్లీ మొదట్నుంచి. వీణ. నిధి పెట్టుకుని, ఊపిరి బిగబట్టి విని, "నథింగ్ మమ్మీ" అని ఏడ్చేసింది. ఆయన మళ్లీ పెట్టుకున్నారు. ఆయనకు వినిపిస్తూనే ఉంది. తను తెచ్చుకున్న ఇయర్‌ఫోన్లతో అదే రికార్డింగు విన్నారు. ఒట్టి వీణ. వైరంతా తడిమి చూశాను. మైకు లాంటిదేమీ లేదు.

వెళ్లేముందు ఆయన ఇంకో మాట అన్నారు. వయసు మీద పడ్డాక తన ఎడమ చెవి సరిగా పనిచేయడం లేదట. "ఆ వైపు ఇంత స్పష్టంగా విని చాలా ఏళ్లయిందమ్మా. ఇవి నేను తీసుకోలేను" అని రెండు చేతులతో డబ్బా నా చేతిలో పెట్టారు.

కొన్ని వారాలు నాలో నేనే నలిగి, చివరికి ఫోన్ చేశాను. మా నిధిని చూసి జాలిపడి అలా అన్నారా అంకుల్ అని సూటిగానే అడిగాను.

"ఓదార్చడానికి అబద్ధమే చెప్పాలనుకుంటే, మీ ఆయన బాగా పాడాడని చెప్పేవాణ్ణి కదమ్మా" అన్నారు.

రఘు పోయాక నేను మొదటిసారి నవ్వాను. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైపోయింది. అంకుల్ ఫోన్ పెట్టేయకుండా ఆగారు.

నా బలవంతం మీద మళ్లీ వచ్చారు. అదే కుర్చీ, అదే రికార్డింగు. చివరిదాకా విని తల అడ్డంగా ఊపారు. "ఈసారి వీణ ఒక్కటేనమ్మా" అన్నారు. ఆ తర్వాత ఎవరికీ ఏమీ వినిపించలేదు.

పెద్దాయన చెవి చేసిన గారడీ అనుకుందామంటే, రఘు పొరపాటు ఆ చెవికి ఎలా తెలిసింది? పోనీ ఆయనే వచ్చాడనుకుందామంటే, అది ఇంకా బాధ. ఒక్క మాట కోసం ఇల్లంతా వెతుక్కున్న నేను ఎదురుగానే కూర్చున్నాను. తలుపు అవతల కూతురుంది. మా ఇద్దర్నీ కాదని, ముక్కూ మొహం తెలియని మనిషి చెవిలో ఎందుకు పాడాడు?

నాకు తెలియదు. అడుగుదామంటే ఆయన లేడు.