తవ్వి చూడకు బిడ్డా

పై అంతస్తు పెద్దమ్మగారు పోయారు. మంగళవారం పొద్దున్నే ఇంట్లోంచి ఆఫీసు మీటింగులో ఉండగా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఆ కబురు కనబడింది. నాకు ఏడుపు కూడా రాలేదు. లాప్‌టాప్ అలాగే వదిలేసి టెర్రస్ మీదికి పరిగెత్తాను, ఆవిడ బఠాణీ తొట్ల దగ్గరికి.

నేను ఉత్త పిరికిదాన్ని. లిఫ్టు కాస్త కుదిపితే చాలు, ఆంజనేయ దండకం అందుకుంటాను. చేసేది సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికే ఉద్యోగం. కాకినాడ నుంచి సిటీ శివార్లలోని ఈ నల్లగండ్లకి వచ్చిన కొత్తలో నాకు ధైర్యం చెప్పిన మనిషి ఆవిడే. ఇక్కడి పాత ఊరావిడ. మా టవర్ ఉన్న చోట ఒకప్పుడు వాళ్ళ కూరగాయల మడి ఉండేదట. నేను "పెద్దమ్మగారూ" అంటే, "గారేంది? గారెలు పెడ్తవా ఏంది?" అని ఆటపట్టించేవారు.

చలి మొదలైతే ఆవిడకు బఠాణీ వెయ్యాల్సిందే. గింజలు రాత్రంతా నానబెట్టి, వేలి కణుపు లోతున పెట్టి, పావురాలు పొడవకుండా పాత దోమతెర కప్పేవారు. పోయినేడు నాకూ ఒక తొట్టి ఇచ్చారు. నాలుగో రోజుకీ మొలవలేదని తవ్వి చూశాను. మర్నాడు మళ్ళీ తవ్వాను. మొలక పుటుక్కున విరిగింది.

"మట్టిని నమ్మకుంటె ఎట్ల బిడ్డా? దాని పని దాన్ని చెయ్యనియ్యి. ఆ తవ్వి చూసుడు ఆఫీసుల పెట్టుకో" అన్నారు.

ఈసారి గుండె ఆపరేషన్‌కి వెళ్ళే ముందురోజు ఆరు తొట్లలో గింజలు పెట్టి, నీళ్ళు పోసే పని నాకు అప్పజెప్పారు. "మొలకలొచ్చేసరికి నేనొస్త. ఫికర్ చెయ్యకు." ఆ మాటని మొక్కులా పట్టుకున్నాను. మొలకలొస్తే ఆవిడొస్తారు. రాకపోతే? అక్కడికొచ్చేసరికి దండకం అందుకునేదాన్ని.

వారమైనా మట్టి కదల్లేదు. ఆసుపత్రి నుంచి కబుర్లు బాగాలేవు. ఆగలేక ఒక తొట్టి తవ్వాను. తెల్లటి వేరు కనబడింది, కప్పేశాను. మర్నాడు మిగతావీ తవ్వాను. భయం కొద్దీ రెండు పూటలా నీళ్ళు గుమ్మరించాను. పదో రోజుకి గింజలన్నీ కుళ్ళి కంపు కొట్టాయి. సరిగ్గా ఆ సాయంత్రమే ఆవిడ ఫోను. గొంతు పీలగా ఉంది.

"మొలిచినయా బిడ్డా?"

"మొలిచాయండీ, బ్రహ్మాండంగా!"

నవ్వారు. "మంచిగైంది" అన్నారు. నాతో ఆవిడ ఆఖరి మాట అదే.

అందుకే ఆ మంగళవారం ఖాళీ తొట్ల ముందు కూలబడ్డాను. నేనే ఆవిణ్ణి చంపుకున్నానేమో అనిపించింది. ఇంత చదువూ చదివి అదేం ఆలోచన అని నన్ను నేను తిట్టుకున్నా ఆ అనుమానం వదల్లేదు.

దినాలు అయ్యాక ఉండబట్టలేక ఆవిడ కోడలికి అంతా చెప్పేశాను. ఆమె నా చెయ్యి పట్టుకుని నీళ్ళ ట్యాంకు వెనక్కి తీసుకెళ్ళింది. అక్కడ కరివేపాకు తొట్టిలో, మొదలు చుట్టూ నాలుగు బఠాణీ మొక్కలు జానెడెత్తున నిలబడి ఉన్నాయి.

"దవాఖానకు పోయే ముంగటే అత్తమ్మ పెట్టిందక్కా. 'కింది పిల్ల ఆగది, తవ్వి చూస్తది. దీని ముచ్చట ఆమెకు చెప్పకు, నువ్వే నీళ్ళు పొయ్యి' అన్నది. నువ్వు మొలిచినయన్నవని మస్తు నవ్వింది. ఇగ పూత టైముకు నీకే అప్పజెప్పమన్నది."

అప్పుడొచ్చింది ఏడుపు, ఆపుకోలేనంత.

భయం మాత్రం పోలేదు. ఆకుల మీద బూడిద తెగులు పడుతుందేమో, పావురాలు పీకేస్తాయేమో అని రోజుకి మూడుసార్లు పైకి వెళ్తాను. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతాను. నిన్న పొద్దున ఒక మొక్క నుంచి దారప్పోగంత తీగ గాలిలో అటూ ఇటూ ఊగుతోంది. పట్టు దొరక్క పడిపోతుందేమో, పుల్ల పాతనా అని చెయ్యి ముందుకొచ్చింది. వెనక్కి లాక్కున్నాను. సాయంత్రం వెళ్ళి చూస్తే అది కరివేపాకు కొమ్మని రెండు చుట్లు చుట్టుకుని ఉంది.