నీలిమందు పెట్టని తెలుపు

ధర్మవరంలో ఉండే మా పెద్ద ఆడపడుచు నిద్రలోనే పోయిందని పొద్దున్నే ఫోను వచ్చింది. హిందూపురంలో నేనూ నా మనవరాలూ రైలెక్కాం. పిల్ల తెల్ల కుర్తీ వేసుకుంది. పోయిన ఉగాదికి ఆ గుడ్డ ఎంచి ఇచ్చింది ఆమే.

భర్త పోయాక ఆమెకు తెల్లచీర ఒక్కటే మిగిల్చారు. ఆమె గొడవ పడలేదు. తెలుపులో ఎన్ని తెలుపులున్నాయో చూడడం మొదలుపెట్టింది. మల్లె తెలుపు, మీగడ తెలుపు, చలువ చేసి నీలిమందు పెట్టిన తెలుపు. వాళ్ళది పట్టుచీరలు అమ్మే ఇల్లు కాబట్టి గుడ్డముక్కలకు కొదవ లేదు. బంధువుల ఆడపిల్లలు తెల్ల టాపు కొనాలంటే ముందు ఆమె దగ్గరికే వెళ్ళేవారు. వాకిట్లో వెలుతురుకు నిలబెట్టి మణికట్టు నరాలు చూసేది. ఆకుపచ్చగా కనబడితే మీగడ తెలుపు, నీలంగా కనబడితే మల్లె తెలుపు. మీరూ ఒకసారి చూసుకోండి, ఆ లెక్క తప్పదు. "లోపల తెల్లది ఏసుకోవద్దమ్మే, ఒంటిరంగుది ఏసుకో. తెల్లదైతే బయటికి కొట్టొచ్చినట్టు కనపడతాది" అని ప్రతి పిల్లకూ చెప్పేది. మా ఇంట్లో ఈ రోజుకీ ఎవరూ తెలుపును గుడ్డిగా కొనరు.

నరాలు చూశాక ఆమె గడ్డం కింద గుడ్డముక్కలు పట్టి అద్దంలో చూపేది. ఆ పని అంటేనే నాకు భయం. ఉగాదికి పిల్లను తీసుకుపోయినప్పుడు, "చామనచాయకు తెలుపేంది వదినా?" అన్నాను.

"చాయ కాదే అడ్డం, దాని లోపల పసుపు ఉండాదా లేదా చూడాల. నీకు మల్లె తెలుపు ఏస్తే మొహం యాడుండాదో ఎతుక్కోవాల" అంది.

పిల్ల పకపక నవ్వింది. నవ్వుతున్న ఆ గడ్డం కింద ఆమె నీలిమందు తెలుపు గుడ్డముక్క పట్టింది. అద్దంలో పిల్ల కళ్ళ కింద బూడిదరంగు దిగింది. పెదవులు పాలిపోయాయి. 

"చూసినావా పాపా, పోయినాక ఇట్లుంటావు" అంటూ ఆమె మీగడ తెలుపు పట్టింది. పిల్ల మొహం పిల్లకు వచ్చేసింది.

పండగ పూట ఏం మాటలవి అని నేను గట్టిగా కసురుకున్నాను. ఆమె నింపాదిగా ముక్కలు మడుస్తూ, "నాకు మాత్రం ఈ నీలిమందుది కప్పనీయొద్దే. శవం లాగుంటా" అంది.

"పోయినాక శవం లాగ కాక ఎట్లుంటావు?"

"నా లాగ."

పెనుకొండలో రైలు ఆగినప్పుడు పిల్ల, "అవ్వా, వాళ్ళు ఏది కప్పింటారో" అంది. నాకూ అదే దిగులు.

ఇంటి నడవలో ఆమెను అద్దం మూత ఉన్న ఐసు పెట్టెలో పెట్టారు. విధవరాలికి ఎంత తెలుపైతే అంత మర్యాద అనుకున్నారు కాబోలు, నీలంగా మెరిసే కొత్త చీర గడ్డం దాకా కప్పారు. ఆ మొహం ఎవరిదో నాకు గుర్తు తెలియలేదు. వేరే ఇంటికి వచ్చామా అని గోడ మీద ఫోటోలు చూశాను.

పిల్ల బీరువాలోంచి ఆమె మీగడ తెలుపు చీర తెచ్చింది. ఆమె మరిది అడ్డం వచ్చాడు. "కట్టి ఇడిసింది కప్పకూడదు పాపా. కొత్తదే కప్పాల."

"కొత్తది కాళ్ళ మీదికి జరుపన్నా, నీ ఆచారం ఆడుంటాది. మొహం కింద ఆమెది ఉంటాది" అన్నాను. ఆయన పక్కకు తప్పుకున్నాడు.

మూత తీశారు. పిల్ల చీరను గడ్డం కిందికి సర్దింది. చూస్తుండగానే బూడిదరంగు తేలిపోయింది. చెంపల్లోకి గోధుమరంగు వచ్చింది. ఏడుస్తున్న ఆడవాళ్ళు ఏడుపు ఆపేశారు. ఒకామె గోడకు ఆనుకుని, "అమ్మో, లేస్తాదేమో" అంది.

మూత మళ్ళీ వేశారు. పిల్ల కడసారి చూద్దామని వంగింది. దాని మొహం ప్రతిబింబం అద్దం మీద పడి, లోపలి మొహం మీద సరిగ్గా కూర్చుంది. లోపలి చీరా బయటి కుర్తీ ఒకే తెలుపై, వాటి మీద ఒకటే మొహం కనబడింది.

ఆ మొహం ఒకసారి రెప్ప వేసింది.